మూడు కేసు పుస్తకాలు

ఒక పట్నంలో పేరున్న సర్జన్ ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర ముగ్గురు శిష్యులు పని నేర్చుకుని, మూడు ఊళ్లకు వెళ్లి అక్కడి ఆసుపత్రుల్లో కుదురుకున్నారు. గురువుకు వయసు మీద పడింది. తన వార్డును ఒకరికి అప్పగించి తప్పుకోవాలనుకున్నాడు. ముగ్గురిలో ఎవరు తగినవారో తేల్చుకోవడానికి వాళ్ల ఊళ్లకు బయలుదేరాడు. ఎవరి ఆపరేషనూ చూడాలని ఆయన వెళ్లలేదు. క్లోమం చచ్చిపోయిన రోగి కేసు పుస్తకం ఒక్కటి చూపించమని ప్రతిచోటా అడిగాడు.

క్లోమం పొట్టలో వెనకవైపు, వెన్నుకు దగ్గరగా ఉంటుంది. తిన్నదాన్ని అరిగించే రసాలను తయారు చేస్తుంది. ఆ రసాలకు మామూలుగా పేగులోకి చేరాకే పదును వస్తుంది. పిత్తాశయం నుంచి జారిన రాయి దారికి అడ్డుపడినా, తాగుడు ముదిరినా అవి లోపలే పదునెక్కి క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి. చాలామందికి కొద్ది రోజుల్లో నెమ్మదిస్తుంది. కొందరికి మాత్రం క్లోమంలో కొంత భాగం, దాని చుట్టూ ఉన్న కొవ్వు చచ్చిపోతాయి.

మొదటి శిష్యుడి చేతివేగానికి ఆ జిల్లాలో పేరు. అతని దగ్గరికి ఒక దర్జీ వచ్చాడు. మూడో రోజు తీసిన సీటీ స్కాన్‌లో క్లోమం సగం చచ్చిపోయినట్టు కనిపించింది. చచ్చిన కండను ఒక్క పూట కూడా లోపల ఉంచకూడదని నమ్మి, అతను ఆ రోజే పొట్ట కోశాడు. చచ్చిందేదో బతికున్నదేదో అప్పటికింకా విడివడలేదు. చేయి పెట్టిన ప్రతిచోటా రక్తం కారింది. అప్పటికే అలసి ఉన్న ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ ఆ దెబ్బకు పూర్తిగా చెడిపోయాయి. ఆరో రోజున దర్జీ కన్నుమూశాడు. కేసు పుస్తకంలో ఆపరేషన్ వివరం నాలుగు పేజీలుంది. దానికి ముందు గడిచిన రోజుల గురించి రెండే వరుసలున్నాయి.

రెండో శిష్యుడు ఈ సంగతి విని భయపడ్డాడు. తన దగ్గరికి ఒక లారీ డ్రైవర్ అదే జబ్బుతో వచ్చినప్పుడు కత్తి ముట్టకూడదనుకున్నాడు. నాలుగు వారాలు గడిస్తే చచ్చిన భాగం చుట్టూ గట్టి గోడ కడుతుందని చదివి ఉన్నాడు. ఇక రోజులు లెక్కపెట్టడమే వైద్యమనుకున్నాడు. క్లోమానికి విశ్రాంతి ఇవ్వాలని నోట్లో మెతుకు పడనివ్వలేదు, సెలైన్ మీదే ఉంచాడు. తిండి లేక పేగు నీరసించింది. అందులోని క్రిములు బయటికి పాకి చచ్చిన కండలో చేరాయి. పద్దెనిమిదో రోజు చలిజ్వరం వచ్చింది. గడువు ఇంకా పది రోజులుందని అతను స్కాన్ తీయించలేదు, మందు మార్చలేదు. చీము విషం రక్తానికెక్కింది. గడువు తీరకముందే డ్రైవర్ పోయాడు. కేసు పుస్తకంలో రోజుకో పేజీ ఉంది, ప్రతి పేజీలోనూ నిన్నటి మాటే ఉంది.

మూడో శిష్యుడి దగ్గరికి కూరగాయలమ్మే ఒకామె వచ్చింది. అతను మొదట ఆమె నొప్పి తగ్గించాడు. సెలైన్‌ను నాడి, మూత్రం కొలుచుకుంటూ ఎక్కించాడు. మొదటి రోజు స్కాన్‌లో నష్టం పూర్తిగా బయటపడదని తెలిసి, నాలుగో రోజు దాకా ఆగి తీయించాడు. ఆమె నోటితో తినలేకపోతే రెండో రోజునుంచే ముక్కు గొట్టం ద్వారా కొంచెం కొంచెంగా ఆహారం పంపాడు. క్రిములు చేరిన గుర్తు లేనన్నాళ్లూ యాంటీబయాటిక్ ఇవ్వలేదు. ఆపరేషన్ ఎప్పుడని బంధువులు రోజూ నిలదీశారు. అతను రోజూ వాళ్లను కూర్చోబెట్టి, ఇవాళ ఏం చూశాడో రేపు ఏం చూడబోతున్నాడో చెప్పాడు.

మూడో వారంలో ఆమెకూ జ్వరం వచ్చింది. ఆ రోజే స్కాన్ తీయిస్తే చచ్చిన భాగంలో గాలి బుడగలు కనిపించాయి. క్రిములు చేరాయని అర్థమై యాంటీబయాటిక్ మొదలుపెట్టాడు. అయినా జ్వరం దిగలేదు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన ఫలితాలు అతనికి గుర్తున్నాయి. ఇలాంటి 88 మంది రోగుల్లో, నేరుగా పొట్ట కోసినవారిలో నూటికి 69 మందికి పెద్ద ఉపద్రవమో మరణమో ఎదురైంది. ముందు చీము బయటికి తీసే గొట్టం పెట్టి, అది చాలకపోతేనే తర్వాతి మెట్టు ఎక్కినవారిలో అది నూటికి 40కి తగ్గింది. వాళ్లలో మూడో వంతుకు పైగా గొట్టంతోనే గట్టెక్కారు. అందుకే అతను స్కాన్ చూసుకుంటూ ఎడమ నడుము పక్కనుంచి గొట్టం దింపాడు. చీము బయటికి వచ్చింది, ఆమె కాస్త తేరుకుంది. ఐదో వారంలో జ్వరం మళ్లీ తిరగబెట్టింది. అప్పటికి చచ్చిన భాగం చుట్టూ గోడ గట్టిపడింది. ఎండోస్కోపీ చేసే తోటి వైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన జీర్ణాశయం గోడలోంచి దారి చేసి, స్టెంటు పెట్టి, చచ్చిన కండను మూడు విడతల్లో కొంచెం కొంచెంగా తీశాడు. ఆమె కోలుకున్నాక, జబ్బు తిరిగి రాకుండా రాళ్లున్న పిత్తాశయాన్ని తొలగించారు. ఆమె నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

ఆ కేసు పుస్తకం మూడింటిలోకీ లావుగా ఉంది. పేజీపేజీలో ఆ పూట ఏం మారిందో, దాన్నిబట్టి ఏం చేశాడో రాసి ఉంది. గురువు దాన్ని చివరిదాకా చదివి, తన వార్డును మూడో శిష్యుడికి అప్పగించాడు.

నీతి: తొందరపడి కోసినవాడూ, భయపడి ఊరుకున్నవాడూ ఇద్దరూ రోగిని చూడలేదు, ఒకడు తన కత్తిని చూశాడు, ఇంకొకడు క్యాలెండర్‌ను చూశాడు. ఆగడం వైద్యం కావాలంటే, ఆగినన్నాళ్లూ రోగికి తిండి పెట్టి, బలం నిలిపి, ప్రతి మార్పునూ కనిపెట్టి ఉండాలి. చెయ్యి వేయాల్సిన ఘడియ వచ్చినప్పుడు కూడా ముందు చిన్న అడుగు వేసి, అది చాలకపోతేనే పెద్ద అడుగు వేయాలి.