తోలు మందమైతే చాలా?

తెలుగులో ‘తోలుమందం’ తిట్టు. ఆఫీసుల్లోకి వచ్చేసరికి అదే ‘థిక్ స్కిన్’ అని సుగుణమైపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్ళుగా ఉన్నాను, కొత్తగా చేరినవాళ్ళకి ఈ సలహా ఇవ్వని మేనేజర్ నాకు తగల్లేదు. తోలు నిజంగా మందమైతే ఎలా ఉంటుందో మా గోదావరిఖని వైపు రాళ్ళు కొంత చెప్తాయి.

మా దగ్గర తవ్వే బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళు దాటిన అడవి. అదే ప్రాణహిత-గోదావరి లోయలో, దానికన్నా చాలా తర్వాత ఏర్పడిన కోట పొరలున్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన కోటసారస్ వాటిలోదే. ఆ పొరల్లో దొరికిన ఎముక పలకలు కవచమున్న డైనోసార్‌వని 2002లో నాథ్, యాదగిరి, మొయిత్రా రాశారు. 2019లో పీటర్ గాల్టన్ వాటిని మళ్ళీ పరిశీలించి, యాంకిలోసార్లలో తెలిసినంతవరకు ఇవే అతి పాతవని వాదించాడు. ఈ పలకలు అస్థిపంజరానికి అతికినవి కావు, చర్మంలోనే పెరిగిన ఎముక.

మనకు దొరికింది కవచమే. లోపలి జీవితం కావాలంటే కెనడా పోవాలి. 2011లో ఆల్బర్టాలోని ఒక ఓపెన్‌కాస్ట్‌లో షవెల్ ఆపరేటర్‌కి (మా ఊరివాళ్ళకి ఈ ఉద్యోగం వివరించక్కర్లేదు) బోరియలోపెల్టా తగిలింది, తోలుతో సహా. 11 కోట్ల ఏళ్ళ నాటిది. కడుపులో ఎక్కువగా ఫెర్న్ ఆకులు, వాటితోపాటు కట్టెబొగ్గు. కాలిన అడవిలో కొత్తగా మొలిచిన పచ్చికని మేసిందన్నమాట. ఇంకో సంగతి నన్ను వదల్లేదు: దాని వీపు ముదురు రంగు, కిందివైపు లేత. కంటపడకుండా ఉండటానికి జంతువులకు ఉండే ఏర్పాటు అది. 1300 కిలోల బరువు, ఒళ్ళంతా ఎముక, అయినా దాక్కోవాల్సి వచ్చింది!

పాపం, దానికి అడగడానికి ఎవరూ లేరు. వేటాడేవాడిని మార్చలేదు, తన తోలునే మార్చుకుంది. మనుషుల మధ్య కూడా అదే దారి అనడం నాకు మింగుడు పడదు. గట్టిదనం వద్దని కాదు. దెబ్బ ఆపగలిగినవాడే ‘ఓర్చుకో’ అంటున్నప్పుడు అది సలహా కాదు, తన పని ఎదుటివాడి ఒంటి మీదకు తోసేయడం.

బొగ్గుబాయిలో దిగేవాడికి టోపీ, బూట్లు ఉంటాయి. అంతటితో అయిపోదు. గాలి ఆడించడం, పైకప్పుకి సపోర్టు పెట్టించడం యాజమాన్యం బాధ్యత. 1952 గనుల చట్టం భద్రతా ఏర్పాట్ల భారాన్ని యజమాని మీదే పెట్టింది. పని మొదలయ్యే ముందు కప్పు తట్టి, చప్పుడు విని చూడటానికి సర్దార్ ఉంటాడు. బోలుగా మోగితే, ఎంత మంచి టోపీ ఉన్నా, ఎవర్నీ లోపలికి పోనివ్వడు.