పండుగ పంక్తిలో సమభావము

లోకమంతయు ఒక్క కుటుంబమని భావించుట సులభము. పండుగనాడు మన ప్రక్క విస్తరి ముందు కూర్చుండిన బంధువును ఆ కుటుంబములో చేర్చుకొనుట మాత్రము కష్టముగా తోచును. మన సమభావమునకు నిజమైన పరీక్ష అక్కడనే జరుగుచున్నది.

సంక్రాంతికి నగరములనుండియు, దూరదేశములనుండియు వచ్చినవారందరు ఇంట ఒక్క పంక్తిని కూర్చుందురు. అందొక మేనమామ పులిహోరలో ఉప్పు చాలలేదని ఏటేట అనును. వృద్ధుడైన పెత్తండ్రి తన కాశీయాత్రను మరల మొదటినుండి వర్ణించును. మేనత్త మడి పేర వంటయింటివారిని పరుగులెత్తించును. మరియొకరు ప్రతి యువకుని జీతమును, ప్రతి కన్య వివాహమును గురించి ప్రశ్నింతురు. పిల్లలు ఒకరినొకరు చూచి నవ్వుకొందురు. 'మరుసటి యేడు వీరిని పిలువకున్న నేమి?' అను తలంపు గృహస్థుని మనస్సున పొడసూపును.

పతంజలి మహర్షి యోగసూత్రముల మొదటి పాదమున చిత్తప్రసాదమునకు నాలుగు భావనలను చెప్పెను: సుఖులయెడ మైత్రి, దుఃఖితులయెడ కరుణ, పుణ్యశీలురయెడ ముదిత, పుణ్యహీనులయెడ ఉపేక్ష. చుట్టునున్నవారిని మార్చిన గాని శాంతి లభింపదని ఆయన చెప్పలేదు. వారియెడ మన భావమును దిద్దుకొనుమనెను. ఈ నాలుగును పండుగ పంక్తిలోనే అభ్యసింపవచ్చును. కాశీకథ చెప్పు వృద్ధునకు తక్కిన సంవత్సరమంతయు వినువారు లేరేమో. అక్కడ కరుణ చాలును. మడి కట్టిన మేనత్త తెల్లవారకముందే లేచి, పితృతిథులను ఒక్కటియు మరువక కాపాడుచున్నది. ఆ నిష్ఠను చూచి సంతోషించుట ముదిత. ఉప్పును గురించిన మాటకు మైత్రితోకూడిన చిరునవ్వే తగిన సమాధానము. అధికప్రసంగమునకు ఉపేక్ష మేలు. ఉపేక్షయనగా మనిషిని విడిచివేయుట కాదు, అతని దోషమును పట్టుకొనక పోనిచ్చుట.

అట్లయిన సర్వమును సహింపవలెనా? శిశుపాలుడు శ్రీకృష్ణునకు మేనత్త కుమారుడు. అతని నూరు తప్పులను క్షమింతునని కృష్ణుడు మేనత్తకు మాట యిచ్చినట్లు మహాభారత సభాపర్వము చెప్పుచున్నది. ధర్మరాజు రాజసూయమున అతడు నిండుసభలో భీష్ముని, కృష్ణుని నిందించి ఆ హద్దును దాటెను. ఓర్పునకు హద్దు కలదని ఇందువలన తెలియుచున్నది. కాని ఆ హద్దు నూరు తప్పులకు ఆవల నుండెను. మనమో మొదటి తప్పుకడనే లెక్క ముగింతుము.

ఇంకొక భేదమును కూడ గమనింపవలెను. తనకు కలిగిన నొప్పిని సహించుట క్షమ. బలహీనునకు కలుగుచున్న నొప్పిని ప్రక్కనుండి సహించుట క్షమ యనిపించుకొనదు, అది పిరికితనము. వివాహము కాలేదని ఒక కన్యను, పరీక్ష తప్పెనని ఒక బాలుని, బీదయింటినుండి వచ్చెనని ఒక కోడలిని పదిమందిలో చిన్నబుచ్చునప్పుడు ఇంటిపెద్ద మౌనము వహింపరాదు. కోపము లేక, స్థిరమైన మాటతో దానిని అక్కడనే ఆపవలెను. వింతస్వభావమునకు పంక్తిలో చోటు కలదు, హింసకు లేదు. ఇట్లు ఆపుటవలన ఆ బంధువునకును మేలే జరుగును.

మనము ఇతరుల వింతలను లెక్కించునట్లే వారును మనవి లెక్కించుచుందురు. అన్నము నడుమ సెల్‌ఫోను చూచుకొను యువకుడు ఆ పెత్తండ్రి కన్నులకు ఎంత విపరీతముగా కనబడునో! అయినను ఆయన అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేయి వడ్డింపుమనును.

అందరి భోజనము ముగియువరకు పంక్తినుండి ఎవరును లేవకుండుట మన పెద్దల ఆచారము. త్వరగా తినువాడు మెల్లగా తినువానికొరకు వేచియుండును. స్వభావములయెడ కూడ ఈ ఆచారమునే పాటించిన చాలును. రాబోవు పండుగనాడు ఆ పెత్తండ్రి ప్రక్కనే కూర్చుండి కాశీకథను తుదివరకు వినుడు. ఇంతవరకు ఎవరును అడుగని ప్రశ్న నొక్కటి అడుగుడు. సమభావ సాధనకు ఆరంభముగా అది చాలును.