నివురుగప్పిన అనురాగము



శ్రావణ మాసమున ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనమునకు వచ్చు జనములో ముప్పది నలుబది యేండ్లు కాపురము చేసిన దంపతులెందరో కలరు. వారి మాటలు పంటతో, బిడ్డల పెండ్లిండ్లతో ముగియును. ఒకరి మనసు నొకరు అడిగి యెన్నాళ్లయినదో ఇరువురికిని తెలియదు. అనురాగము నశించినదా? లేదు, పొయ్యిలోని నిప్పువలె నివురుగప్పి యున్నది.

12వ శతాబ్దమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వరము నుండి కల్యాణమునకు చేరిరి. నేలరాలిన బియ్యము నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు శరణగోష్ఠిలో మైమరచి కాయకమును మరువగా లక్కమ్మ గుర్తుచేసెను. అతడు పోయి అవసరమునకు మించి తేగా, అధికమును తిరిగి పోసి రమ్మనెను. అతడట్లే చేసెను. ఆమె మనసులోని మాటను దాచలేదు. అతడు ఆలి మాటయని త్రోసివేయలేదు. దాంపత్యమునకు ప్రాణమిదియే.

బసవేశ్వరుడు సంసారమును వీడుమనలేదు. వయసు మీరినదని సిగ్గుపడి చెలిమిని, సరసమును మూలకు నెట్టుట ధర్మము కాదు. నేటి రాత్రి ఇష్టలింగపూజ ముగిసిన పిదప ఇరువురును కలిసి ప్రసాదము స్వీకరింపుడు. “నీ మనసులో నేమున్నది?” అని భర్త అడుగవలెను, అడిగి తుదివరకు వినవలెను. నివురు తొలగుటకు ఆ యొక్క ఊపిరి చాలును.