ఏడుపు చదవడం వచ్చిన పిల్లలు

ఇవాళ చాలామంది తమ జీవితంలో మొదటిసారి చేతుల్లోకి తీసుకునే పసిబిడ్డ తమ సొంత బిడ్డే. మెడ నిలవని బిడ్డకు తల కింద చెయ్యి ఎలా పెట్టాలో, ఆకలి ఏడుపేదో నిద్ర ఏడుపేదో అంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. ఉమ్మడి ఇళ్లలో తమ్ముణ్ణో చెల్లినో చంకనేసుకుని తిరిగిన పిల్లలకు ఆ విద్య దానంతటదే అబ్బేది. కాకపోతే ఆ చంక ఎప్పుడూ అక్కదే. అన్నకు ఆ చదువు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

పసిబిడ్డను సాకడం బడిలో నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ భయపెట్టి నేర్పేది నిలవదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 13-15 ఏళ్ల అమ్మాయిలకు, పసిబిడ్డలా ఏడ్చే యంత్రపు బొమ్మలిచ్చి శని, ఆదివారాలు సాకమన్నారు. చిన్న వయసు గర్భాలు తగ్గుతాయని ఆశ. 57 బడుల్లో జరిపిన ఆ పరిశీలన ఫలితం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 20 ఏళ్లు వచ్చేసరికి ఒక్కసారైనా గర్భం దాల్చినవాళ్లు బొమ్మల పాఠం విన్న బడుల్లో 17 శాతం, వినని బడుల్లో 11 శాతం.

టొరంటోలో మేరీ గోర్డన్ 1996లో వేరే దారి పట్టింది. ఆమె మొదలుపెట్టిన 'రూట్స్ ఆఫ్ ఎంపథీ' కార్యక్రమంలో నిజమైన బిడ్డే తరగతికి వస్తుంది. ఆకుపచ్చ దుప్పటి పరిచి పడుకోబెడతారు, అమ్మో నాన్నో పక్కనే ఉంటారు. ఏడాదంతా అదే బిడ్డ. బోర్లాపడటం, కూర్చోవడం పిల్లల కళ్లముందే జరుగుతాయి. బిడ్డ ముఖం చిట్లిస్తే ఎందుకో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆలోచించాలి. అలాంటి తరగతుల్లో పిల్లల దుడుకుతనం తగ్గిందని పరిశోధకులు గమనించారు. మరొకరి బాధ ఏమిటో పోల్చుకోవడానికి ప్రయత్నించిన పిల్లవాడు తోటివాణ్ణి కొట్టడానికి కాస్త ఆగుతాడు మరి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులయ్యారు లేదా గర్భంతో ఉన్నారు. ఈ పాఠం ఆడపిల్లలకే పెడితే, పెళ్లికి తయారుచేస్తున్నారని ఊరు అనుకుంటుంది, చదువు మాన్పించడానికి అదీ ఒక సాకవుతుంది. అబ్బాయిలు లేని గదిలో ఈ పాఠం మొదలుపెట్టకపోవడమే మేలు.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. చాలా ఊళ్లలో అంగన్‌వాడీ బడి ఆవరణలోనే ఉంది. బాలామృతం కోసం, బరువు తూయించడం కోసం తల్లులు బిడ్డల్ని తెస్తూనే ఉంటారు. ఎనిమిదో తరగతి పిల్లల్ని నెలకో గంట అక్కడ కూర్చోనివ్వాలి. ఆరు నెలల దాకా తల్లిపాలే ఎందుకో, పెరుగుదల పట్టికలో బరువు గీత కిందికి దిగితే ఏం చేయాలో అంగన్‌వాడీ టీచరమ్మే చెబుతుంది. ఆ గంటకు ఆమెకు వేరే గౌరవవేతనం ఇవ్వాలి. బిడ్డను తెచ్చే తల్లిని ముందే అడగాలి, పని మానుకుని వస్తే ఆ రోజు కూలి బడే కట్టివ్వాలి. తండ్రి ఎత్తుకొస్తే మరీ మంచిది. లాల పోయడం, పాలు తాగాక భుజాన వేసుకుని వీపు తట్టడం అబ్బాయిలకు ఆయన చేతే చేయించి చూపించవచ్చు.