తమ్ముడు అడిగిన ప్రశ్న – గలతీ 2వ అధ్యాయం

వీడియోలో టైం సరిపోక సగంలో ఆపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది జి. కొండూరు. మే నెలలో మా రోడ్డు మీద మామిడికాయల లోడ్లు నున్న మార్కెట్‌కి వెళ్తూనే ఉంటాయి. కోతల రోజుల్లో ఆదివారం ఆరాధనకి సగం మందే వస్తారు, మిగతావాళ్లు తోటల్లో ఉంటారు. అది నాకు అర్థమవుతుంది. అర్థం కానిది ఒకటే. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ సెలవుకి ఇంటికొచ్చిన మన పిల్లలు, ఏ పనీ లేకపోయినా మందిరానికి రారు.

అలాంటి ఒక తమ్ముణ్ణి మొన్న తోట గట్టు మీద కూర్చోబెట్టి అడిగాను. సండేస్కూల్లో నా దగ్గరే వాక్యాలు కంఠతా పట్టినవాడు. "అక్కడ నిన్నెవరైనా ఎగతాళి చేస్తున్నారా?" అన్నాను. "లేదన్నా, అక్కడ దేవుడి గురించి ఎవరూ మాట్లాడరు. ఆదివారం పదింటికి లేస్తాం, బిర్యానీ తింటాం, మ్యాచ్ చూస్తాం. ఆయన లేకపోయినా రోజు గడిచిపోతోంది" అన్నాడు.

హింస వస్తే ఎలా నిలబడాలో మనం చాలా ప్రసంగాలు చేశాం. ఎవరూ ఏమీ అనని చోట ఎలా నిలబడాలో చెప్పలేదు.

తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి గురించి చదివానన్నా. దేవుడు లేడన్నాడు, సరే. కానీ అంటరానితనం పోవాలని అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. కన్నకూతురిని దళితుడికిచ్చి పెళ్లి చేశాడు. దేవుడున్నాడనే మనం సంబంధాలు చూసేటప్పుడు ముందు ఏమడుగుతాం?"

నేను మాట్లాడలేకపోయాను. ఎందుకంటే మా చెల్లి పెళ్లప్పుడు మేమూ అదే అడిగాం. రక్షణ పొందాడా, బాప్తిస్మం తీసుకున్నాడా అన్నవి రెండో మాట. మొదటి మాట కులం. అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంటికొచ్చి నేనూ చదివాను. గోపరాజు రామచంద్రరావు గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు, వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవారు. 1940లో మన కృష్ణా జిల్లా ముదునూరులోనే నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకి మార్చారు. వాళ్ల అమ్మాయి మనోరమ గారి పెళ్లి అర్జునరావు గారితో 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో జరిగింది. గాంధీ గారు దగ్గరుండి చేయిస్తానన్న పెళ్లి అది, అప్పటికి ఆయన లేరు. దేవుని విషయంలో గోరా గారితో నేను ఏకీభవించను, ఎప్పటికీ ఏకీభవించలేను. కానీ ఆ పెళ్లి పందిరి ముందు నాకు తల ఎత్తడానికి లేదు.

ఇప్పుడు గలతీ పత్రిక 2వ అధ్యాయం, 11 నుంచి 14 వచనాలు తెరవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి మనుషులు రాగానే భయపడి, మెల్లగా బంతిలోంచి లేచి వెళ్లిపోయాడు. పౌలు ఊరుకున్నాడా? అందరి ముందు ముఖాముఖిగా నిలదీశాడు. గమనించండి, పేతురు బోధ ఏమీ మార్చలేదు. ప్రార్థన మానలేదు. కూర్చున్న చోటు మార్చాడు, అంతే. పౌలు మాత్రం అది సువార్త సత్యానికి తప్పిపోవడమే అన్నాడు.

మన పిల్లలు విశ్వాసం వదిలేస్తున్నది ఫోన్ల వల్లా, పట్నం గాలి వల్లా అని మనమే అనుకుంటాం. కొంతవరకు నిజమే కావచ్చు. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేము పేతురులా బంతి లేచిపోవడం మీరు చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు.

అయినా మీకూ ఒక మాట. పేతురు తప్పు చూసి పౌలు సంఘం వదిలిపోలేదు, ఎదుట నిలబడి మాట్లాడాడు. మీరూ రండి, మా ముఖం మీదే అడగండి.

ఆ తమ్ముడితో ఇదే అన్నాను. "అడిగితే పెద్దలు ఊరుకుంటారా అన్నా?" అన్నాడు. ఊరుకోరేమో. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, వాడికంటే ముందు నేనే లేచి మా చెల్లి పెళ్లి సంగతి సంఘం ముందు ఒప్పుకుందామనుకుంటున్నాను. మా అమ్మకి ఇంకా చెప్పలేదు. నాకోసం ప్రార్థన చేయండి.