తాతల వేట, మనవల నటన

ఐర్లండ్ పడమటి తీరాన ఆరన్ దీవులున్నాయి. చెక్కల చట్రానికి తారు పూసిన గుడ్డ బిగించిన తేలిక పడవల్లో అక్కడివాళ్లు అట్లాంటిక్ సముద్రాన్ని నమ్ముకుని బతికారు. 1934లో రాబర్ట్ ఫ్లాహర్టీ వారి మీద 'మ్యాన్ ఆఫ్ ఆరన్' అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో బల్లేలతో పెద్ద సొరచేపను వేటాడతారు. దీపాల నూనె కోసం సాగిన ఆ వేట కొన్ని దశాబ్దాల కిందటే ఆగిపోయింది. దీవివాళ్లకు మళ్లీ నేర్పించి తీశారు. తెర మీది తల్లి, తండ్రి, కొడుకు కూడా ఒక కుటుంబం కాదు.

అయితే అది అబద్ధమా? అలలు నిజం, పడవ నిజం, తెడ్డు వేసిన చేతులు నిజం. ఆ సినిమా లేకుంటే ఆ వేట తీరు మన కంట పడేది కాదు. కానీ తాతల పనిని మనవల నిత్యజీవితంగా చూపితే, ఇవాళ బతుకుతున్న మనిషి మాయమవుతాడు.

దండారిలో పూజ చేసి పెట్టుకునే గుస్సాడి నెమలి టోపీని, పండుగ లేని రోజున కెమెరా కోసం పెట్టుకోమన్నప్పుడు మాకు ఈ సంగతి తెలిసింది. ఆ టోపీ మాదే. కానీ మా బతుకంతా ఆ టోపీ కాదు. పాతది చూపొద్దని మేమనం. 'ఇది తాతల నాటిది, అడిగితే చేసి చూపారు' అని ఒక్క మాట చెప్పమంటున్నాం. ఆ మాటతో తాతల గౌరవమూ నిలుస్తుంది, మనవల ఉనికీ నిలుస్తుంది.