గుడ్డు కోసం వెనుదిరిగిన పక్షి

ధ్యాన భాగం: లూకా 2:41–49

బయలుదేరి వీధి మలుపు తిరిగాక కళ్ళజోడు మరచిపోయామని గుర్తొస్తుంది. వెనక్కి వస్తే అమ్మమ్మ ఊరుకోదు. "బయలుదేరినవాడివి మళ్ళీ గుమ్మం తొక్కావేంరా? కాసేపు కూర్చో, మంచినీళ్ళు తాగి వెళ్ళు" అంటుంది. వెనక్కి రావడం మంచిది కాదని మన పెద్దల నమ్మకం.

పశ్చిమ ఆఫ్రికాలో, ఘనా దేశపు అకాన్ ప్రజల పెద్దలు మరో మాట చెప్పారు: మరచిపోయినదాన్ని వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడం నిషిద్ధం కాదు. నిషేధాలు తెలియనివాళ్ళు అన్న మాట కాదిది. గురువారం నేలను ముట్టకూడదని, ఆ రోజు పొలం పని మానేసిన అసాంటే రైతులు ఆ అకాన్లలోని వాళ్ళే. అంతటి కట్టుబాట్లవాళ్ళే, వెనక్కి వెళ్ళడాన్ని మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు.

ఈ సామెతకు వాళ్ళు ఒక బొమ్మ ఇచ్చారు. దాని పేరు సంకోఫా. అందులో మూడు మాటలున్నాయి: తిరుగు, వెళ్ళు, తెచ్చుకో. బొమ్మలో ఒక పక్షి ఉంటుంది. కాళ్ళు ముందుకే ఉంటాయి. మెడ మాత్రం వెనక్కి వంగి ఉంటుంది. చాలా బొమ్మల్లో ముక్కున ఒక గుడ్డు కూడా కనిపిస్తుంది.

కుమాసీ నగరానికి దగ్గర్లోని ఎన్‌టోన్సో అనే ఊళ్ళో ఇలాంటి బొమ్మలను బట్టల మీద అద్దుతారు. చెట్టు బెరడు నానబెట్టి, రోట్లో దంచి, నల్లగా చిక్కబడేదాకా కాస్తారు. ఎండిన సొరబుర్ర పెంకు మీద బొమ్మ చెక్కి, ఆ రంగులో ముంచి బట్ట మీద ఒత్తుతారు. మన పెడనలో టేకు అచ్చుతో కలంకారీ అద్దినట్టే. ఆ బట్టను ఆదింక్రా అంటారు. పూర్వం నుంచీ అది ముఖ్యంగా చావింటికి కట్టుకెళ్ళే బట్ట. పోయినవాళ్ళను సాగనంపే వేళ కూడా, వాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఇక్కడే వదిలేయవద్దని ఆ పక్షి గుర్తుచేస్తుంది.

ఈ సామెత చేతిలో పట్టుకొని నేటి వాక్యభాగం చదవండి. పస్కా పండుగ ముగిసింది. యోసేపు, మరియ నజరేతుకు బయలుదేరారు. పన్నెండేళ్ళ యేసు గుంపులో ఎక్కడో ఉన్నాడనుకొని ఒక దినమంతా నడిచారు. సాయంత్రం బంధువుల్లో, నెళవైనవాళ్ళలో వెదికితే కనబడలేదు. అప్పుడు వాళ్ళు నడిచిన దారి వృథా అవుతుందని లెక్క వేసుకోలేదు. చుట్టాలు ఏమనుకుంటారోనని ఆగలేదు. యెరూషలేముకు తిరిగారు, వెళ్ళారు, మూడు దినాలకు దేవాలయంలో ఆయనను కనుగొన్నారు.

మరి లోతు భార్య కూడా వెనక్కి చూసిందిగా అని మీరడగవచ్చు. చూసింది, అక్కడే ఆగిపోయింది. మరియ వెనక్కి వెళ్ళింది, బిడ్డను తీసుకొని మళ్ళీ నజరేతు దారి పట్టింది. ఆ పక్షి కాళ్ళు ముందుకెందుకున్నాయో ఇప్పుడు తెలుస్తుంది. ఇంకొకటి కూడా గమనించండి: అది పాత గూడంతా మోసుకురావడం లేదు. పుల్లలు అక్కడే వదిలేసి గుడ్డు ఒక్కటే తెస్తోంది. పెద్దలు అన్నదంతా, చేసిందంతా మనం మోయనక్కరలేదు. వాళ్ళ పగలు, వాళ్ళ కులపట్టింపులు పుల్లలు. వాళ్ళ ప్రార్థన, మాట తప్పని గుణం, వచ్చినవాడికి అన్నం పెట్టిన చెయ్యి, ఇవి పొదిగితే పిల్ల అయ్యే గుడ్లు.

ఘనా తీరంలో కేప్ కోస్ట్ కోట ఉంది. బానిసలుగా అమ్ముడైనవాళ్ళను ఓడలెక్కించిన తలుపుకు 'తిరిగిరాని ద్వారం' అని పేరు. సముద్రం వైపు నుంచి చూస్తే అదే తలుపు మీద ఇప్పుడు 'తిరిగివచ్చే ద్వారం' అని రాసి ఉంటుంది. 1998లో, అలా తరలిపోయినవారి సంతతిలో ఇద్దరి అవశేషాలను సముద్రం దాటించి తెచ్చి, ఆ ద్వారం గుండానే లోపలికి తీసుకొచ్చారు. ఎంత దూరం పోయినా తిరిగి రావచ్చని ఆ దేశం తన గోడ మీదే రాసుకుంది.

మనం ఎంత దూరం వచ్చేశాం? గుంపులో ఉన్నాడనుకొని యేసును వదిలి ఎన్ని దినాలు నడిచాం? ఆదివారం గుడికి వెళ్తున్నాం కనుక ఆయన మనతోనే ఉన్నాడనుకుంటున్నామా? పొలం గట్టు తగాదాలో అన్నతో మాట మానేసి ఎన్నేళ్ళయింది? తెల్లవారుజామున అమ్మ మోకరించిన చాప ఇంట్లో ఏ మూలన ఉంది? ఈ రోజు వీటిలో ఒక్కదాని కోసం వెనక్కి వెళ్ళండి. ఒక్క ఫోను కాల్, ఒక్క క్షమాపణ, మోకాళ్ళ మీద పది నిమిషాలు చాలు. సిగ్గుపడవలసింది వెనక్కి వెళ్ళినందుకు కాదు, తెలిసీ ముందుకే నడిచినందుకు.

ప్రార్థన: తండ్రీ, నీ కుమారుడు వెంట ఉన్నాడో లేడో చూసుకోకుండానే చాలా దూరం నడిచాము. మా మెడ వంచు, మా అడుగులు తిప్పు. పారేయవలసిన పుల్లలేవో, పొదగవలసిన గుడ్డు ఏదో మాకు చూపించు. పొద్దుగూకకముందే మమ్మల్ని బయలుదేరనివ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.